ఆగిన పడవ – ఆదుకోవలసిన ఒడ్డు

ధ్యానాంశము: అపోస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములు, మార్కు 1:16–20



మనం గోదావరి బిడ్డలం. ముప్కాల్‌కు దగ్గరలోనే పోచంపాడు ఉంది. 1963 జూలై 26న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఆనకట్ట 42 వరద గేట్లతో అక్కడ నదికి అడ్డంగా నిలిచి ఉంది. పైన వానలు బాగా పడి గేట్లు ఎత్తారని తెలియగానే చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదులుతాయి. పిల్లాపాపలతో వెళ్ళి, ఆ నురగను, ఆ హోరును చూసి, మక్క కంకులు కాల్పించుకొని తిని ఇంటికి వస్తాం. మనకు అది పండుగ. అదే నీటిని చూసి దిగువన, నది పొడవునా, కొన్ని కుటుంబాలు ఈ ఏడు ఎట్లా గడుస్తుందా అని దిగులుపడతాయి. అవి పడవ నడుపుకొని బతికే కుటుంబాలు. ఈ వారం వారిని మన ధ్యానంలోకి తెచ్చుకుందాం.

మనకు పడవ అంటే ఒడ్డు దాటించే సాధనం. ఆ ఇంటివారికి అదే పొలం, అదే దుకాణం. తండ్రి చుక్కాని పట్టుకుంటాడు. కొడుకు లంగరు తీస్తాడు, మోకు కడతాడు. ఎక్కినవారికి ఇల్లాలు వండి పెడుతుంది. వెనుకటి తెలుగులో రేవు దాటించినందుకు ఇచ్చే కూలికి ‘కేవు’ అని ఒక మాట ఉండేది. ఆ కేవు మీదనే పడవ మరమ్మతు, ఇంజను అప్పు, పిల్లల ఫీజు, పెద్దవాళ్ళ మందులు అన్నీ ఆధారపడి ఉంటాయి. విహార పడవలైతే రాబడి మరీ కొద్ది నెలలే. వరద తగ్గిన తరువాత కార్తీక మాసంలో మొదలై, క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో ఊపందుకొని, ఎండలు ముదిరేసరికి పలచబడుతుంది. నాలుగైదు నెలల సంపాదనతో పన్నెండు నెలలు తినాలి. ఆ కాస్త కాలానికే దెబ్బ తగిలితే?

అట్లాంటి దెబ్బ ఎట్లా ఉంటుందో పాపికొండల దగ్గర చూశాం. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరదతో ఉధృతంగా ఉన్న రోజు. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర ఒక విహార పడవ మునిగిపోయింది. 70 మందికి పైగా ఎక్కిన ఆ పడవలోనుండి ప్రాణాలతో బయటపడింది 26 మందే. మృతులలో మన తెలంగాణవారు, వరంగల్ వైపునుండి సరదాగా బయలుదేరి వెళ్ళినవారు కూడా ఉన్నారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యంగారి బృందం ఎంతో శ్రమపడి 38వ రోజున, అక్టోబరు 22న, ఆ పడవను బయటికి తీసింది. అంతవరకు తమ వారి ఆచూకీ దొరకని కుటుంబాలు పడిన క్షోభ మాటలకు అందదు. వారి కోసం ప్రార్థించకుండా ఈ సంగతి మాట్లాడటం తగదు.

ఆ ప్రమాదంతో అక్కడి విహార పడవలన్నిటినీ ప్రభుత్వం ఆపివేసింది. కార్తీకం పోయింది. క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి పోయాయి. మరుసటి మార్చిలో కరోనా వచ్చి దేశమంతా తలుపులు మూసుకుంది. 2021లో పడవలు మళ్ళీ కదిలేవరకు దాదాపు రెండేళ్ళు రేవు బోసిపోయింది. మరుసటి ఏడు, 2022 జూలై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు రావటం అదే. తప్పు చేసినవారి పడవ, చేయనివారి పడవ ఒకే గట్టుకు కట్టివేయబడ్డాయి.

మరి ఆపటం అన్యాయమా? కాదు, అన్ని ప్రాణాలు పోయాక ఆపటం న్యాయమే. ఆపినందువల్ల ఏ తప్పూ చేయని ఇళ్ళలో పొయ్యి వెలగలేదన్నది కూడా నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి పట్టుకోవటం కష్టం కనుక మనం ఒకదాన్ని వదిలేస్తాం. కొందరు “పొట్టకూటి కోసం కదా, పోనివ్వండి” అంటారు. మరికొందరు “ఆపేయండి” అని చెప్పి అన్నం తిని పడుకుంటారు. సువార్త మనల్ని ఈ రెండు చోట్లా ఆగనివ్వదు.

పరిశుద్ధ గ్రంథంలో సరిగ్గా ఇదే చిక్కుముడి ఉన్న ప్రయాణం ఒకటి ఉంది. అపోస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీసి ఇంట్లో అందరూ వినేలా చదవండి. పునీత పౌలుగారిని ఖైదీగా రోమునకు తీసుకొనిపోతున్నారు. ఓడ క్రేతు దీవిలో ‘మంచి రేవులు’ అనే చోటికి చేరింది. అప్పటికి యూదుల ఉపవాస దినం దాటిపోయిందని లూకాగారు ప్రత్యేకంగా రాశారు. అంటే సముద్ర ప్రయాణపు కాలం ముగిసింది, చలికాలపు తుఫానులు ముంచుకొస్తున్నాయి. ఇప్పుడు బయలుదేరితే సరుకుకు, ఓడకు మాత్రమే కాక ప్రాణాలకు కూడా నష్టం తప్పదని పౌలుగారు హెచ్చరించారు. శతాధిపతి ఆ ఖైదీ మాట వినలేదు. ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట విన్నాడు. ఎక్కువమంది కూడా పోదామనే అన్నారు.

వారిని దుర్మార్గులని అనుకోనక్కరలేదు. ఓడ నిండా గోధుమలు ఉన్నాయి. ఆ రేవు చలికాలం గడపటానికి అనువుగా లేదు. యజమానికి సరుకు చేరితేనే డబ్బు. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచింది. చూశారా, ఏమీ కాదు అనుకున్నారు. లంగరు ఎత్తారు. ఆ మెల్లని గాలి ఎంత ప్రమాదకరమైనదో మన అనుభవంలో కూడా ఉంది. ‘నిన్న పోయి వచ్చాం కదా, ఇవాళ ఏమవుతుంది’ అన్న మాట అదే. ‘ఇంకో నలుగురు ఎక్కితే ఏమవుతుంది’ అన్న మాట కూడా అదే. తరువాత ఏమయిందో మీకు తెలుసు. తుఫాను పట్టుకుంది. చాలా రోజులు సూర్యుడు లేడు, చుక్కలు లేవు. మొదట సరుకు పారవేశారు, మూడవనాడు ఓడ సామగ్రి పారవేశారు, చివరకు మిగిలిన గోధుమలు కూడా సముద్రంలో పోశారు. దేనికోసం బయలుదేరారో దానినే చేతులారా నీళ్ళపాలు చేశారు.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఈ ఉదాహరణే చెప్పాడు. తుఫానులో సరుకు పారవేసే నావికుడు అది ఇష్టపడి చేస్తున్నాడా, గత్యంతరం లేక చేస్తున్నాడా అని ప్రశ్న వేశాడు. మామూలుగా ఎవడూ తన సరుకు పారవేయడు. కాని ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెలివైనవాడు పారవేస్తాడు. అందుచేత అందులో రెండూ ఉన్నాయన్నాడు. పునీత తోమాసు అక్వీనాసు వివేకాన్ని సుగుణాలన్నిటికీ సారథిగా నిలబెట్టింది ఇందుకే. వివేకి తుఫాను నడుమ కాక రేవులోనే నష్టాన్ని ఒప్పుకుంటాడు. సీజన్ పోయిందని రేవులో ఏడ్చినవాడు, నది మధ్యలో ఏడవవలసిన పని లేకుండా చేసుకున్నాడు. తనను నమ్మి ఎక్కేవారిని కూడా కాపాడాడు. కనుక మొదటి పాఠం ఇది: పడవ నడపటం ఎంత సేవో, నడపరాని రోజున ఆపటం కూడా అంతే సేవ. ఆ రోజు అతనికి కేవు రాదు, కాని దేవుని ఎదుట అతని శ్రమ లెక్కలో ఉంటుంది.

“ఫాదర్‌గారూ, మరి కచ్చులూరులో ఒడ్డునున్న పల్లెలవాళ్ళు అదే వరదలోకి తమ చిన్న పడవలు వేసుకొని పోయి మనుషులను కాపాడారు కదా, అది వివేకం కాదా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పునీత జూలియాను గురించి తిరుసభలో తరతరాలుగా చెప్పుకొనే కథ ఒకటి ఉంది. ఆయన, ఆయన భార్య ఒక ప్రమాదకరమైన నది ఒడ్డున బాటసారుల కోసం ఇల్లు కట్టి, వారిని పడవలో దాటించేవారు. ఒక చలి రాత్రి అవతలి ఒడ్డునుండి ఎవరో కేక వేశారు. జూలియాను లేచి పడవ వేసుకొని వెళ్ళాడు. చలికి కొయ్యబారిపోతున్న ఒక కుష్ఠురోగిని తెచ్చి తన పక్క మీదే పడుకోబెట్టాడు. ఆ రోగి దేవుడు పంపిన దూత అని ఆ తరువాత తెలిసిందట. మన హిందూ సోదరులు గంగ దాటించిన గుహుణ్ణి తలచుకొని చేయెత్తి మొక్కుతారు. పడవ వాడి పని పవిత్రమైనదని మన జనానికి ఎవరూ నేర్పనక్కరలేదు.

జూలియాను, ఆ పల్లెలవారు అవతలి మనిషి ప్రాణం కోసం తమ ప్రాణాన్ని పణం పెట్టారు. వరదలో టిక్కెట్లు అమ్మేవాడు తన రాబడి కోసం అవతలివారి ప్రాణాన్ని పణం పెడతాడు. నది ఒక్కటే, ప్రమాదం ఒక్కటే. ఎవరి కోసం ఎవరిని ఒడ్డుతున్నామన్న దగ్గర ధర్మం, అధర్మం వేరవుతాయి. తండ్రులారా, ఈ తేడా మీ మగపిల్లలకు బండి తాళం చేతికిచ్చే ముందు చెప్పండి.

ఇక ఆగిన పడవ వాడి సంగతి చూద్దాం. అతను ఆ ఖాళీ రోజులు ఎట్లా గడపాలి? గలిలీయ సరస్సు ఒడ్డున జెబదాయి కుటుంబాన్ని చూడండి. అది కూడా ఇంటిల్లిపాది నడిపిన పడవే. తండ్రి, ఇద్దరు కొడుకులు, కొంతమంది కూలివారు. యేసుప్రభువు పిలిచిన సమయానికి యాకోబు, యోహానులు వల బాగుచేసుకుంటున్నారు. లూకా సువార్త 5వ అధ్యాయంలో రాత్రంతా శ్రమపడి ఏమీ దొరకని జాలరులు వలలు కడుక్కుంటున్నారు. ఏమీ దొరకలేదు కదా, వల కడగటం దేనికి? రేపు ఉందన్న నమ్మకంతో.

1986 జనవరిలో ఒక విశేషం జరిగింది. కరువు వల్ల గలిలీయ సరస్సు నీటిమట్టం బాగా తగ్గింది. బయటపడిన బురదలో ఇద్దరు జాలరి అన్నదమ్ములకు ఒక పాత పడవ కనిపించింది. పరిశోధకులు దానిని యేసుప్రభువు కాలం నాటిదిగా తేల్చారు. పొడవు సుమారు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. దానిలో పదికి పైగా రకాల కలప ఉంది. అంటే ఏ చెక్క విరిగితే, దొరికిన చెక్క ఏదో తెచ్చి అతికారు. డబ్బున్నవారి పడవ కాదది. పేద కుటుంబం ఏళ్ళ తరబడి అతుకుల మీద అతుకులు వేసి నిలబెట్టుకున్న పడవ. ఆ అతుకులలో ఎన్ని పోయిన సీజన్లు ఉన్నాయో! ప్రభువు కూర్చొని బోధించింది, అలసి నిద్రపోయింది అట్లాంటి పడవలలోనే. మీ ఇల్లు కూడా అతుకుల పడవలా ఉందని మీకు అనిపిస్తే సిగ్గుపడకండి. ప్రభువు అందులోకి ఎక్కుతాడు.

ఇప్పుడు అందరికంటే ముఖ్యమైన ప్రశ్న. పడవ వాడు ఆగాడు, వల బాగుచేసుకున్నాడు. అయినా ఇంట్లో బియ్యం లేవు. అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడు. అప్పుడు అతను ఎన్నాళ్ళు ఆగగలడు? ఆకలితో ఉన్నవాడికి వివేకం బోధించటం తేలిక. ఒడ్డున ఉన్నవారు అతన్ని ఆకలికి వదిలేస్తే, వారే అతన్ని వరదలోకి నెట్టినట్లు. ఇది నేను కఠినంగానే చెబుతున్నాను. ప్రమాదం జరిగిన రోజున ‘పడవ వాడి అత్యాశ’ అని రాసుకుంటాం. నిజమే, కొన్నిసార్లు అత్యాశే. కాని ఆశ ఎక్కడ ముగిసిందో, ఆకలి ఎక్కడ మొదలయిందో దేవునికి తెలుసు. ఆ ఆకలిలో మన వాటా ఎంతో కూడా ఆయనకు తెలుసు.

పౌలుగారి ఓడ చివరకు మాల్టా దీవి దగ్గర ఇసుకలో దిగబడి బద్దలయింది. అందులో ఉన్న 276 మంది ఈది, చెక్కలు పట్టుకొని, ఒడ్డు చేరారు. ఆ దీవివారు క్రైస్తవులు కారు. ఈ వచ్చినవారు ఎవరో వారికి తెలియదు. వానలో, చలిలో వణుకుతున్న వారిని చూసి ముందు మంట వేశారు. మీరు అకాలంలో ఎందుకు బయలుదేరారని నిలదీయలేదు. మూడు నెలలు ఆ దీవి వారిని ఆదుకుంది. మళ్ళీ ప్రయాణపు కాలం వచ్చినప్పుడు దారికి కావలసినవి ఇచ్చి సాగనంపింది. ప్రియ సహోదరులారా, సువార్త ఎరుగనివారు అంత చేస్తే, ప్రతి ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించే మనం ఎంత చేయాలి?

తిరుసభ బోధ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1891లో 13వ లియో జగద్గురువులు కార్మికుల గురించి రాసిన విశ్వలేఖ మొదలుకొని, 1981లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు మానవ శ్రమపై వెలువరించిన లేఖ వరకు చదవండి. పని పోయినవారిని, వారి కుటుంబాలను ఆదుకోవటం దయాదాక్షిణ్యాలకు వదిలే విషయం కాదని, అది సమాజపు బాధ్యత అని రెండవ జాన్ పాల్‌గారు బోధించారు. తిండి లేనివానితో ‘సమాధానంగా వెళ్ళు, కడుపునిండా తిను’ అన్నట్టు మాట్లాడి, ఏమీ ఇవ్వని విశ్వాసం దేనికని పునీత యాకోబుగారు తన లేఖ రెండవ అధ్యాయంలో నిలదీశారు. మనం ఇంకా సులువుగా ‘దేవుడు చూసుకుంటాడు’ అనేసి వచ్చేస్తాం. దేవుడు చూసుకుంటాడు, నిజమే. చాలాసార్లు ఆయన మన చేతులతోనే చూసుకోవాలనుకుంటాడు.

పాపికొండలు మనకు దూరం కావచ్చు. పోయిన సీజన్ అంటే ఏమిటో మాత్రం మన జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1930లలో మొదలై, ఒకనాడు ఎంత పేరు పొందిందో మన పెద్దవారికి గుర్తుంది. 2015 డిసెంబరులో, సరిగ్గా చెరకు గానుగాడే కాలంలో, దాని తలుపులు మూశారు. ఆ చలికాలం కార్మికుల ఇళ్ళలో, చెరకు రైతుల ఇళ్ళలో ఎట్లా గడిచిందో మీలో కొందరు అనుభవించారు. ఆకు రాక, కార్ఖానాలో పని లేక చేటలు పక్కనబెట్టి కూర్చున్న బీడీ అక్కలు మన వీధుల్లో ఉన్నారు. 2020లో గల్ఫ్ నుండి ఉత్తచేతులతో తిరిగివచ్చిన కొడుకులు, అల్లుళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. ప్రతి విచారణలోనూ గట్టుకు కట్టేసిన పడవలు ఉన్నాయి.

కనుక నాలుగు మాటలు, ఇంట్లో కూర్చొని చర్చించుకోవటానికి.

పడవ ఎక్కేవారికి: అధికారులు వద్దన్న రోజున ‘ఒక వంద ఎక్కువ ఇస్తాం, తీసుకుపో’ అని బతిమాలకండి. మీ వంద అతనికి శోధన. లైఫ్ జాకెట్ మీరు వేసుకోండి, పిల్లలకు వేయండి. పడవ నిండిందని చెబితే దిగి, తరువాతి దానికి ఆగండి. అప్పుడు అతనికి నిజాయితీగా ఉండటం సులువవుతుంది.

పడవ వంటి జీవనోపాధి ఉన్నవారికి: మంచి రోజులలో కొంత పక్కన పెట్టండి. యోసేపు ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరాలలో ధాన్యం దాచింది కరువు వస్తుందని తెలిసే. సీజన్ పోయిన సంగతి భార్యాబిడ్డల దగ్గర దాచకండి. దాచి, సారాలో ముంచితే అది రెండవ ప్రమాదం. పడవ బాగుచేసుకోండి. పిల్లలను బడి మాన్పించకండి.

అప్పు ఇచ్చినవారికి: వడ్డీ పెంచే కాలం ఇది కాదు. పని ఆగినవాని దగ్గర గడువు పొడిగించటం కూడా ధర్మకార్యమే. అతని పనిముట్టు మాత్రం తాకట్టుగా లాక్కోవద్దు. తిరగలి రాతిని తాకట్టు పట్టకూడదని, అది ఒకని బతుకును తాకట్టు పట్టినట్లని ద్వితీయోపదేశ కాండం 24వ అధ్యాయంలో మోషే ధర్మశాస్త్రం శాసించింది. పడవ, ఆటో, కుట్టుమిషను ఈనాటి తిరగళ్ళు.

విచారణ సంఘాలకు: విన్సెంట్ డి పాల్ సభవారు, మరియదళంవారు, చిన్న క్రైస్తవ సమాజాలవారు ఈ నెల కూడినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: మన మధ్య ఈ ఏడు ఎవరి సీజన్ పోయింది? వారు చేయి చాపేవరకు ఆగకండి. రెండు నెలల బియ్యం, ఒక బిడ్డ ఫీజు, మళ్ళీ పని మొదలయ్యేటప్పుడు కావలసిన చిన్న పెట్టుబడి ఇవి ఏ విచారణకూ మించిన భారం కాదు. వారు మన మతంవారా కాదా అని కూడా చూడకండి. మాల్టావారు చూడలేదు.

2020 మార్చి 27 సాయంత్రం, వాన కురుస్తుండగా, ఒక్క మనిషి కూడా లేని పునీత పేతురు చౌకులో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఒంటరిగా నిలబడి మార్కు సువార్త 4వ అధ్యాయంలోని తుఫాను వాక్యాలను ధ్యానించారు. మనమందరం ఒకే పడవలో ఉన్నామని ఆయన లోకానికి గుర్తుచేశారు. శిష్యులు ఆ రాత్రి ప్రభువును లేపి, మేము నశించిపోతున్నా నీకు చింత లేదా అని అడిగారు. ఈ రోజు ఆ ప్రశ్న రేవులో కూర్చున్న ఒక కుటుంబం మనల్ని అడుగుతోంది. జవాబు చెప్పవలసింది మనమే.

ప్రార్థించుదము: ఓ ప్రభువా, పడవ మీద నిలిచి గాలిని, నీటిని అదుపు చేసినవాడా, నదులలో ప్రాణాలు విడిచినవారికి నిత్య విశ్రాంతి దయచేయుము. జీవనోపాధి ఆగిన కుటుంబాలకు ఆగే ధైర్యాన్ని, మళ్ళీ కదిలే రోజును అనుగ్రహించుము. ఒడ్డున క్షేమంగా ఉన్న మాకు మంట వేసే చేతులు ఇమ్ము. సముద్ర తారయైన మరియమాతా, మా కొరకు ప్రార్థించుము. ఆమెన్.